హెల్మర్ మోకాలు, హెల్మర్ పిల్లి

హెల్మర్‌కు సముద్రమంటే భయం. మా రేవులో చేపలు పట్టేవాళ్ళందరి భయాలూ పోగుచేసినా అతని భయానికి సాటిరావు. పైగా దాచుకునేవాడు కాదు.

చలికాలం పొద్దున్నే ఎరల కొట్టంలో కాఫీ చుట్టూ చేరి రేడియోలో సముద్రపు కబురు వింటాం. గాలి పెరుగుతుందనగానే హెల్మర్ మోకాలు పట్టుకునేవాడు.

“ఇవాళ నా వల్ల కాదు. లాగేస్తోంది.”

“మొన్న ఎడమ మోకాలన్నావు కదయ్యా!”

“అది దక్షిణపు గాలికి. ఉత్తరపు గాలికి కుడిది.”

రేడియో పొగమంచు అంటే అతని భార్యకు పీడకల వచ్చేది. పెద్ద అలలంటే పిల్లి గుమ్మానికి అడ్డంగా పడుకునేది.

“పిల్లిని దాటి సముద్రానికెలా పోను?”

“మరి ఇక్కడికెలా వచ్చావు?”

“కిటికీలోంచి.”

పడీపడీ నవ్వేవాళ్ళం. ఈ పిరికిమనిషిని ఒక్కణ్ణే వదిలి ఏం పోతాంలే అని బూట్లు విప్పేవాళ్ళం. సముద్రం మెత్తబడిన రోజున అతనికి ఏ నొప్పీ ఉండేది కాదు. “ఇంకా కాఫీయేనా? కదలండి!” అని తరిమేవాడు.

మా దగ్గర ఒక పద్ధతి. వెళ్ళనని ముందుగా ఎవరూ నోరు విప్పరు. ఒక పడవ కదిలితే, దాన్ని ఒంటరిగా వదలకూడదని అన్నీ కదలాలి.

ఒక ఏడు మొదటి పెనుగాలి ఈశాన్యం నుంచి వచ్చింది. ఎగిరిన నీరు పడవ మీదే గడ్డకడుతుందని రేడియో చెప్పింది. సుత్తులతో ఎంత కొట్టినా మళ్ళీ పేరుకుంటుంది. ఆ బరువుకు పడవ బోర్లాపడుతుంది.

హెల్మర్ రాలేదు. జ్వరమట. అందరం గుమ్మం వైపు చూశాం.

కొత్తగా వచ్చిన కుర్ర పడవదారు షూర్ లేచాడు. కుడి చేతి తొడుగు ఎడమ చేతికి వేసుకుంటున్నాడు.

“వెళ్దామా?”

“వెళ్దాం” అంది నా నోరు. కాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఒక్కొక్కరే సుత్తులు అందుకున్నారు.

తలుపు తెరుచుకుంది. ఉన్ని లోదుస్తుల మీద దుప్పటి, తలకు భార్య శాలువ, ఎర్రటి ముక్కు. హెల్మర్.

“నేను రాలేను!”

“నిన్నెవరు పిలిచారయ్యా?”

“తుమ్ములు. నేను తుమ్మితే పడవ ఊగుతుంది.”

షూర్ తెల్లబోయాడు. “ఏ పడవ బాబాయ్? మొన్న వేసవిలో నాకే అమ్మేశావు కదా!”

ఆ సంగతి మా అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరమూ ఎప్పుడూ అనలేదు.

హెల్మర్ నిదానంగా ముక్కు తుడుచుకున్నాడు.

“ఉంటే మాత్రం వెళ్ళేవాణ్ణా?”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. సుత్తులు గోడకు చేరాయి. బూట్లు ఊడాయి. షూర్ కూడా చేతి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకూ తుమ్ములొచ్చేలా ఉన్నాయి” అన్నాడు.

“అది నాది” అన్నాడు హెల్మర్, కాఫీ అందుకుంటూ. “నువ్వు వేరే రోగం చూసుకో.”