నీడ పడని విమానం

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే ఊరి ఆడవాళ్లంతా తెల్లవారకముందే బీడీలు చుట్టే తునికాకు కోయడానికి ఒక్క గుంపుగా బయలుదేరేవారు. లింగాల అవతల మా ఊరు. ఊరు దాటితే నల్లమలే...

లోపలికి వెళ్లాక తలో చెట్టు దగ్గరా కోస్తున్నా పిలుపులు మాత్రం ఆగేవి కావు. "ఓ లచ్చమ్మా..." అని ఒకరు పిలిస్తే "ఓ..." అని మా అమ్మ పలికేది. ఆ కూతలు వాకిట్లో కూర్చున్న మాకూ వినిపించేవి. తునికిపండ్ల కోసం ఎలుగుబంట్లు వస్తాయి. మనుషుల సందడి వింటే అవే తప్పుకుంటాయి. అందుకే ఆ కూతలు.

ఒక ఏడాది ఆ కూతలు ఆగిపోయాయి...

వార్త తెచ్చింది మస్తాన్ చిచ్చ. అచ్చంపేట నుంచి మోపెడ్ మీద గాజులు తెచ్చి ఊరూరా అమ్మేవాడు. మా అరుగు మీద మూట విప్పుతూ గొంతు తగ్గించాడు.

"సర్కారోళ్లు ఒక ఇమానం చేసిర్రంట వదినా. నడిపేటోడే ఉండడు దాంట్ల. సప్పుడు లేదు, నీడ గుడ పడదంట. కరాబైంది, బంద్ వెట్టినమని పైకి జెప్పి మన్ననూర్ గుట్టలల్ల దాసిర్రు."

"దేనికి?" అంది అమ్మ.

"అడవిల తిరిగే దళపోళ్ల కోసం. మనిషి ఒంటి ఉడుకును పసిగడ్తదంట. నలుగురు ఒక్కకాడ కనవడితే సాలు... దళమే అనుకోని బాంబేస్తది. మాట ఇనవడినా అంతే."

మా అవ్వ, అంటే నాన్నవాళ్ల అమ్మ, వక్క నములుతూ అంది. "సప్పుడు లేదా? నీ బండి కన్న నయమే గదరా మస్తానూ... నీది మూడూళ్ల అవతలికే ఇనవడ్తది!"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

కొద్దిరోజుల్లోనే ఊరు మారిపోయింది... ఇత్తడి బిందెలు ఎండకు మెరుస్తాయని గోనెపట్టాలు కప్పారు. వాకిట్లో పొయ్యిలు ఇంట్లోకి వెళ్లాయి. పొగకు కళ్లు మండుతూనే తినేవాళ్లం. పిల్లలం ఒకచోట చేరితే ఎవరో ఒకరు వచ్చి చెదరగొట్టేవారు. పైన గద్ద తిరిగినా నేను మంచం కిందికి దూరేదాన్ని. చప్పుడు చేసేదైతే చెవులు మూసుకోవచ్చు... చప్పుడే లేనిదానికి ఏం మూసుకోవాలి?

ఆకు కోత మాత్రం ఆపలేరు. ఆ నెల దాటితే ఆకు ముదిరిపోతుంది, మళ్లీ ఏడాది దాకా ఆ కూలి లేదు. అందుకని ఒక్కొక్కరే పోవడం మొదలుపెట్టారు... తలో దిక్కుకు, నెత్తిన పచ్చికొమ్మ కప్పుకుని, నోరు మెదపకుండా.

ఒకరోజు పొద్దు బాగా ఎక్కింది. అందరూ ఆకుమూటలతో తిరిగొచ్చారు. అమ్మ రాలేదు.

నాన్న గొడ్డలి పట్టుకుని బయటికొచ్చాడు. "నడువుండ్రి, అందరం కల్సి ఎతుకుదాం."

జనం అడవి అంచుదాకా వచ్చి ఆగిపోయారు. పక్కింటి బాలయ్య పైకి చూస్తూ అన్నాడు, "గుంపుగట్టి పోతే కనవడ్తమే అన్నా... ఒక్కొక్కలం పోదాం. జర మెల్లగ. పిలవకుండ్రి."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పైన వినిపిస్తుందని గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను...

అప్పుడు అవ్వ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. "ఇంటే ఇననియ్యిండ్రి! ఏస్తే నా నెత్తిమీదనే ఎయ్యమనుండ్రి!" రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గొంతు పగిలేలా కూత వేసింది.

"ఓ లచ్చమ్మా...!"

అందరూ ఆకాశంకేసి చూశారు. నేనూ చూశాను. నీలంగా, ఖాళీగా... ఖాళీ అంత భయపెడుతుందని అప్పుడే తెలిసింది. ఏమీ పడలేదు. నాన్న పిలిచాడు. బాలయ్య పిలిచాడు. ఆపైన ఊరంతా ఒకటే కూత.

చాలాసేపటికి లోపల్నించి సన్నగా... "ఓ..."

అమ్మ ఎత్తైన బండ మీద ముడుచుకుని దొరికింది. పిక్క చీలిపోయి రక్తం. ఎలుగుబంటి ఆ బండ కిందే తిరుగుతూ, మా కూతలు దగ్గరయ్యాకే తప్పుకుందట. అచ్చంపేట దవాఖానకు తీసుకెళ్తుంటే నాన్న అడిగాడు, "మొత్తుకోకపోతివే?"

"మొత్తుకుంటే ఇమానం ఊరి మీదికొస్తదనుకున్న..." అంది అమ్మ.

కాలేజీకొచ్చాక చేతికందిన ప్రతి కరపత్రం చదివాను. అలాంటి విమానం నిజంగానే తయారైందని ఒకదాంట్లో... కాగితం మీద బొమ్మ దగ్గరే ఆగిపోయిందని ఇంకోదాంట్లో. ఏది నిజమో ఈరోజుకీ తెలియదు. నా కోపం దాని మీద కాదు. ఓట్లప్పుడు మా ఊరికి జీపులు వచ్చేవి కదా... "అలాంటిదేమీ లేదు, కలిసే తిరగండి" అని చెప్పడానికి ఒక్క జీపు రాలేదేం? జనాన్ని విడదీయడానికి విమానం అక్కర్లేదు. ఉందేమో అనిపిస్తే చాలు!

మొన్న వనపర్తిలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. ఫొటోలవాళ్లు డ్రోన్ ఎగరేస్తే పిల్లలంతా గుంపుగా చేరి చేతులూపారు. అమ్మ కుంటుకుంటూ దూరంగా పోయి ఒంటరిగా నిలబడింది.

"ఏందమ్మా?" అన్నాను.

"గుంపుల నిలవడకు బిడ్డా..." అంది. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం డ్రోన్ మీదే ఉన్నాయి. అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు మా ఊళ్లో ఆకుకు పోయేవారు తక్కువ. పైన ఏం ఎగిరినా పట్టించుకునేవారూ తక్కువే. అడవిలోంచి కూతలు మాత్రం రావడం లేదు... ఒక్కసారి వినాలనిపిస్తుంది.

మీ ఊరి ఆకాశంలో ఏ భయం తిరిగేది? చెప్పండి... ఒకరు పిలిస్తే ఇంకొకరు "ఓ..." అన్నట్టు.