రిలీవర్ రాని రోజు

ఛత్తీస్‌గఢ్‌లో మా ఉక్కు ప్లాంటు ఊరి చివరి వాటర్ పార్కులో టికెట్ల కౌంటర్ నాది. ఆలస్యంగా వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ముందే ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకుంటారు, తీరా అది అయిపోయాక వచ్చి ట్రాఫిక్ అంటారు, అత్తగారి మోకాళ్లంటారు. అంతా విని, "కొత్త టికెట్ కొనండి" అనేదాన్ని.

మొన్న మే నెలలో ఒక ఆదివారం, పొద్దుటి స్లాట్ ముగిశాక మన తెలుగువాళ్లుండే ఖుర్సీపార్ బస్తీ నుంచి ఒక కుటుంబం ఆటో దిగింది. పిల్లకి ఆరేళ్లుంటాయేమో, ఇంటి దగ్గరే ఈత డ్రెస్ వేసుకుని, నీళ్ల కళ్లజోడు కూడా పెట్టుకుని వచ్చేసింది. తల్లి ముటముటలాడుతోంది. తండ్రి ఇంకా ప్లాంటు యూనిఫాంలోనే ఉన్నాడు, కాళ్లకి సేఫ్టీ బూట్లు. టికెట్ స్కాన్ చేస్తే మెషీన్ ఎర్రలైటు వేసింది.

"ఏటి బాబూ, ఇప్పుడా రావడం?" అని లేచాను.

"నైట్ షిఫ్ట్ దీదీ. పొద్దున్న రిలీవర్ రాలేదు, ఏటి సెయ్యమంటారు?"

అంతే, నా కోపం ఎటు పోయిందో! తర్వాతి షిఫ్టువాడు వచ్చి పని అందుకునేదాకా అక్కణ్నించి కదలకూడదు. ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన అదే ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో చేసినన్నాళ్లూ నేను సినిమాలన్నీ ఇంటర్వెల్ నుంచే చూశాను. మా పెద్దదాని అన్నప్రాశనకి ఆయన వచ్చేసరికి చుట్టాలు తాంబూలాలు పుచ్చుకుని వెళ్లిపోయారు.

"పాపా, అందర్ నహీ జానే దేంగే క్యా?" అంది పిల్ల, నాన్నా లోపలికి పోనివ్వరా అని హిందీలో. తల్లి నా వైపు వంగి, "ఈయన్ని నాలుగు తిట్టండి దీదీ, పొద్దున్నించీ నానొక్కదాన్నే తిడతన్నాను" అంది. నాకు నవ్వాగలేదు.

మేనేజర్ కుర్రాడిది ఈ ఊరు కాదు. ఒకరికి ఒప్పుకుంటే అందరూ ఇలాగే వస్తారని గొణిగాడు.

"వస్తే రానీ బేటా. ఇక్కడ సగం ఊరు షిఫ్టులు చేస్తుంది" అని వాళ్లని మధ్యాహ్నం స్లాట్‌లోకి మార్చేశాను. పిల్ల తండ్రి కంటే ముందే లోపలికి పరిగెత్తింది.

కాసేపటికి అలల కొలను వైపు చూశాను. తండ్రి నడుంలోతు నీళ్లలో నిలబడి నిద్రకి తూలుతున్నాడు, భుజాల మీదున్న పిల్ల కాళ్లని మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాడు. మా ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెంటనే ఫోన్ చేశాను. రిటైరై ఇంట్లోనే ఉంటున్నా ఆయన ఈ పార్కు మొహం చూడలేదు.

"రేపు మీరూ రండి. నా డ్యూటీ అయ్యాక ఇద్దరం నీళ్లలో దిగుదాం."

"ఈ వయసులో నానేటి, నీళ్లేటి!" అని నవ్వి, మళ్లీ తనే, "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నారు.

"ఎప్పుడొచ్చినా సరే. నేను గేటు దగ్గరే ఉంటాను" అన్నాను.