సాంపిల్ డబ్బల పుంటికూర పప్పు

నవ్వనంటెనే చెప్త. నిన్న తనిఖీకొచ్చిన మేడం ముందట నా ఇజ్జత్ మొత్తం ఒక చిన్న స్టీలు డబ్బల పోయింది!

నాకిప్పుడు ఏడో నెల. మాది మంచిర్యాల దగ్గర, బొగ్గుబాయి కాలనీ పక్కపొంటి చిన్న సర్కారు బడి. టీచర్లం ఇద్దరమే, హెడ్‌మాస్టర్ సారు, నేను. నా కడుపు చూసి సారు మస్తు జాలిపడ్డడు. "మీరు తిరగొద్దు మేడం, కూసొని చేసే పనులే చూస్కోండ్రి" అన్నడు. గా పనులేందంటే ఫోన్ల పిల్లల మొఖాలు చూపిచ్చి అటెండెన్స్ కొట్టుడు, ఆన్‌లైన్ ఎంట్రీలు, లైబ్రరీ, పైనుంచి మధ్యాహ్న భోజనం ఇన్‌ఛార్జ్.

"సారూ, కూసొని చేసేటివి గిన్ని ఇస్తే ఇగ నేను లేసేదెప్పుడు?" అన్న. సారు నవ్వుకుంట నా క్లాసుకు పోయిండు. అవును, నా క్లాసే. నాకు ఆయాసమొస్తదని సగం పాఠాలు ఆయనే చెప్తుండు. తిట్టిన గని, గా మాట కూడా చెప్పాలె.

భోజనం ఇన్‌ఛార్జ్ అంటే పిల్లలకంటె ముందు నేను రుచి చూసి రిజిస్టర్ల సంతకం పెట్టాలె. ఇంకోటి, వండినదాంట్లకెల్లి కొంచెం డబ్బల తీసి తెల్లారి దాంక దాచాలె. పిల్లలకు ఏమన్న అయితే పరీక్ష చేసెటందుకు. దాన్నే సాంపిల్ అంటం. నేను పుస్తకం దొరికితే అట్ట మీది ధర కూడా విడువకుంట చదివే మనిషిని, రూల్సు కాయిదం విడుస్తనా? మొత్తం చదివి, వంట చేసే రాజవ్వకు అప్పజెప్పిన. పోయిన వారం ఆమె డబ్బ పెట్టుడు మరిచిపోతే, "ఇంకోసారి మరిచినవంటె పైకి రాస్త!" అని ఒర్రిన. గా వంట పని మీదనే ఆమె ఇల్లు నడుస్తది. ఎరుకుండి కూడా అన్న. నా నోరు అసొంటిది.

నిన్న పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు. రెండు చెంచాలు రుచి చూసిన, సంతకం పెట్టిన. ఇంటికెల్లి తెచ్చుకున్న చపాతీల డబ్బ మూత తీయంగనే కడుపుల దేవింది. మూసేసిన. మూడింటికి ఆఫీసు రూముల ఒక్కదాన్నే ఎంట్రీలు చేస్తున్న. నెట్ తిరుగుతనే ఉన్నది. ఎదురుంగ అల్మార్ల సాంపిల్ డబ్బ!

ఒక్క చెంచా అనుకున్న. తీస్తే గుంత పడ్డది. గుంత కనబడొద్దని చుట్టూ మట్టం చేసిన. మట్టం చేస్తే చెంచాకు అంటింది, నాకిన. ఇప్పుడు ఒక దిక్కు ఎత్తుగున్నది. ఆ దిక్కు జర తగ్గిచ్చిన... ఇట్ల మట్టం చేసుకుంట, చేసుకుంట, నెట్ వచ్చేసరికి డబ్బ తోమినట్టు మెరుస్తున్నది.

సరిగ్గ గప్పుడే గేటు కాడ బండి ఆగింది. తనిఖీ మేడం!

"సాంపిల్ చూపియ్యండ్రి" అన్నది వచ్చుడు వచ్చుడే. రాజవ్వ చేతులు తుడుసుకుంట వచ్చి, పోయిన వారం తిట్లు తిన్నది గద, మస్తు ధీమాగ డబ్బ తీసి మేడం ముందట మూత లేపింది. ఖాళీ!

"ఇదేంది? సాంపిల్ పెట్టలే? గిట్లయితే వంటకు వేరేటోళ్లను చూడాల్సొస్తది!"

రాజవ్వ డబ్బ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. నా మూతికి ఏమంటుకొని ఉన్నదో, ఆమెకు సమజైంది. తలకాయ దించుకొని, "మరిచిపోయిన మేడం. తప్పు నాదే" అన్నది.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పని పోతదని తెల్సి కూడా నన్ను కాపాడుతున్నది!

"కాదు మేడం! ఆమె పెట్టింది. నేనే తిన్న."

"రుచి చూసిండ్రా?"

"లేదు మేడం. తిన్న. అడుగు దాంక."

మేడం కండ్లద్దాలు తీసింది. "ఎన్నో నెల?"

"ఏడు."

"ఏం కూర?"

"పుంటికూర పప్పు."

పెదవులు బిగబట్టింది గని ఆగలే. కుర్చీల కూలబడి నవ్వింది. మళ్ల తేరుకొని, "నవ్విన గని మేడం, పిల్లలకేమన్న అయితే దేన్ని పరీక్ష చేయాలె?" అన్నది.

"సాంపిల్ ఏడికి పోలే మేడం, గీ రూములనే ఉన్నది" అని రాజవ్వ నా కడుపు దిక్కు చెయ్యి చూపిచ్చింది!

అని, వంటింట్లకు ఉరికి మూత పెట్టిన గిన్నె తెచ్చింది. "పిల్లలకు వండిన గా గంజులకెల్లి తీసిందే మేడం. గీ బిడ్డ ఏం తింటలేదు. ఇంటికి పోయేటప్పుడు చేతుల పెడుదామని పక్కకు పెట్టిన."

నా కోసం! అంత ఒర్రిన నా కోసం! ఇద్దరు కలిసి నా పప్పును సాంపిల్ డబ్బల పోసిండ్రు, నేను చూసుకుంట నిలబడ్డ. మేడం పోయేముందు రిజిస్టర్ల రాసింది: "భోజనం రుచిగా ఉన్నది. ఇన్‌ఛార్జ్ టీచర్ ద్వారా రెండుసార్లు నిర్ధారణ అయినది."

ఇయ్యాల పొద్దుగాల రాజవ్వ చేతులు పట్టుకొని, "మాఫ్ చెయ్యవ్వా" అన్న.

"నీ నోటి మీద నాకు కోపం లేదు బిడ్డా, నీ ఆకలి మీదనే ఫికర్" అన్నది. నాకని వేరే డబ్బ, నిండ పెట్టింది. కడుపు నిండింది, మనసు అంతకంటె ఎక్కువ నిండింది.

ఇగ సాంపిల్ ఉన్న అల్మారకు తాళమేసింది. ఇన్‌ఛార్జ్‌ను నేనే. తాళంచెవి మాత్రం ఆమె కొంగుకున్నది.