నన్ను కాల్చిన తుపాకికి లైసెన్సు ఉంది

పెద్దారవీడులో మా మామ గొర్రెల దొడ్డి దగ్గర, తెల్లవారుతుండగా, నా ఎడమ కాలిలో ఏదో తేడాగా ఉందని గమనించాను. నేను నడుస్తూనే ఉన్నాననుకున్నాను. కాలు మాత్రం నాతో పాటు నేల మీద పడి ఉంది. ఆ తర్వాత చప్పుడు గుర్తొచ్చింది. పొగ వెనక తుపాకితో మామ కనబడ్డాడు.

"కదిలితే ఇంకోటి పేలుస్తా" అన్నాడు.

అది ఒంటి గొట్టం తుపాకి. ఇంకోటి పేల్చాలంటే మందు కూరి, గుండ్లు పోసి, చాలా పని ఉంది. అయినా నేను కదలలేదు. "నేను, మామా" అన్నాను.

"నేనంటే ఎవురు?"

"నీ చెల్లెలి కొడుకును."

తుపాకి అక్కడే పడేసి నా పక్కన కూలబడ్డాడు. నా చంకలోని గొడుగును తుపాకి అనుకున్నాడట.

ఆయన తుపాకికి లైసెన్సు ఉంది. దానికి ఇంగ్లీషులో అర్జీ రాసింది నేనే. అంతకు ముందు సంవత్సరం యర్రగొండపాలెం వైపు నుంచి దొంగలు నాటు తుపాకులతో వచ్చి మామ దొడ్డి మీద పడి, కాపరి భుజం మీద కాల్చి గొర్రెలను తోలుకుపోయారు. దొంగలు లైసెన్సు అడిగి తుపాకి పట్టరనీ, కఠినమైన చట్టం మంచివాడి చేతులే కట్టేస్తుందనీ రాశాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. పై అధికారులకు కూడా నచ్చినట్టుంది. ఎంత శిస్తు కడతాడు, కేసులున్నాయా, నడవడి ఎట్లాంటిది అని నెలల తరబడి విచారించి లైసెన్సు ఇచ్చారు. తర్వాత దొంగలు రాలేదు. తుపాకికి భయపడ్డారని మామ అనేవాడు. ఎందుకు రాలేదో చెప్పడానికైనా దొంగలెవరూ రాలేదు కాబట్టి నేను వాదించలేదు.

ఆసుపత్రికి పోతే మామ మీద కేసవుతుందని నేనే వద్దన్నాను. అత్త పసుపు అద్ది కట్టు కట్టింది. మూడో రోజుకు కాలు నల్లబడి, జ్వరంలో నేను గోడకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు నా మాట వినకుండా బండి కట్టి, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కించి, పెద్దాసుపత్రికి చేర్చారు.

ఎక్స్‌రే తీశారు. తొడలోనూ మోకాలి చుట్టూ తొమ్మిది గుండ్లు. సెప్టిక్ అయిందన్నారు. డాక్టరుగారు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"రెండు రోజులు చూస్తాను మాస్టారూ. జ్వరం దిగకపోతే మోకాలి పైన తీసేయాలి."

"తీసేది ఎడమదే కదండీ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నాకూ నవ్వు రాలేదు.

క్లోరోఫారం ఇచ్చి ఏడు గుండ్లు తీశారు. రోజూ పుండ్ల మీద సల్ఫా మందు పొడి, డ్రెస్సింగ్. జ్వరం ఒకసారి దిగి మళ్ళీ ఎక్కింది. ఆ వారంలోనే మామ నన్ను చూడటానికి వచ్చాడు. వస్తూనే కొక్కేనికి వేలాడుతున్న తెల్లకోటుకు దండం పెట్టి, "అయ్యా, మా అల్లుని కాలు ఎట్లుంది?" అని అడిగాడు. వెనకే నిలబడి ఉన్న డాక్టరుగారు ఆయన్ని వెలుతురులోకి తిప్పి, టార్చి వేసి చూశాడు.

"రెండు కళ్ళకూ కెటరాక్ట్. ఈయనకి తుపాకి ఎవరిచ్చారండీ?"

నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. మామ పొట్టేలును కుక్క అనుకుని అదిలించినప్పుడు మేమంతా నవ్విన సంగతి నాకు గుర్తుంది. అర్జీలో చాలా రాశాను. అది రాయలేదు. విచారించినవాళ్ళూ అడగలేదు.

చివరికి జ్వరం దిగి కాలు దక్కింది కానీ మోకాలు కర్రలా బిగిసింది. "ఏడిస్తే ఏడవండి, వంచడం మాత్రం మానొద్దు" అన్నాడు డాక్టరుగారు. రెండూ చేశాను. మంచం పట్టె మీంచి కాలు వేలాడదీసి, మడమకు ఇసుక సంచి కట్టి, పొద్దునా సాయంత్రం వంచాను. నాలుగు నెలలకు కర్ర పట్టుకుని బడికి పోయాను.

ఆసుపత్రి వాళ్ళ కబురుతో పోలీసులు వచ్చారు. పొరపాటని నేను చెప్పడంతో కేసు పెట్టలేదు కానీ తుపాకిని స్టేషనులో పెట్టుకున్నారు, నా గొడుగుతో సహా. తుపాకి విడిపించడానికి మళ్ళీ అర్జీ రాయమని మామ వచ్చాడు. ముందు కంటి ఆపరేషను చేయించుకో, తర్వాత రాస్తానన్నాను.

"దొంగలొస్తే కండ్లు బాగయినాక రండిరా అని చెప్పాల్నా?"

"వచ్చింది దొంగో నేనో నీకు కనపడకపోతే ఎట్ల మామా?"

ఆయన లేచి పోయాడు. రెండు నెలలు మాటల్లేవు. అంతలో దొంగలు నిజంగానే వచ్చారు. ఈసారి మూడు ఇండ్ల మందలు ఒక్క దొడ్డిలో ఉన్నాయి, కాపలాకు ఆరుగురు ఉన్నారు. అయినా తుపాకి చూపించి రెండు పొట్టేళ్ళు పట్టుకుపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "నీ మాట విన్నందుకు రెండు పొట్టేళ్ళు" అని మామ కబురు పంపాడు. ఆయన అన్నది తప్పని నేను అనను. పొట్టేళ్ళు నావి కావు.

ఆ కోపంలోనే పోయి ఆపరేషను చేయించుకున్నాడు. మందపాటి అద్దాలు పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, కాలు చూపించమన్నాడు. పంచె పైకి తీశాను. మచ్చలన్నీ ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

"ఎంత దూరం నుంచి కాల్చినా?"

"పది అడుగులుంటది."

పంచె తనే కిందికి లాగి అన్నాడు: "ఇప్పుడు రాయి అర్జీ. కండ్లు కనపడక మేనల్లుని కాల్చినానని మొదటి వరసలో రాయి."

అట్లాగే రాశాను. డాక్టరుగారి చీటీ జత చేశాను. తుపాకి అడిగే ప్రతివాడి చూపూ పరీక్షించాలని నా తరఫున ఒక వాక్యం చేర్చాను. చట్టం ఇంకా గట్టిగా ఉండాలంటున్నానా, మెత్తగా ఉండాలంటున్నానా అని తోటి టీచర్లు అడుగుతున్నారు. అడగవలసింది అడగాలంటున్నాను. అర్జీకి జవాబు ఇంకా రాలేదు.

రెండు గుండ్లు నాలోనే ఉన్నాయి. చలికాలం పలకరిస్తాయి. కుంటుతూనే రోజూ బడికి నడుస్తున్నాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ముందు, పగటిపూట, పది అడుగుల దూరంలో, నోరెత్తకుండా నిలబడండి. వరస పెట్టి పిలిస్తే సంతోషం. పిలవకపోతే ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ముందుగా వాళ్ళ చేతుల్లో ఏముందో చూసుకుని నిలబడండి.