బూట్లు విప్పి ఎక్కిన బండి

రిటైరయ్యాక, గోదావరి లంకలోని మా అరటితోటకు ఇసుక దారిలో వెళ్లడానికి ఆఫ్‌రోడ్ బైక్ కొన్నాను. కొనేముందు నాలుగు బళ్ల బరువు, సీటు ఎత్తు డైరీలో రాసుకున్నాను. షోరూమ్‌లో మందపాటి అడుగున్న రైడింగ్ బూట్లతో కూర్చుని చూస్తే ఒక్కదాని మీదే పాదాలు నేలకు ఆనాయి. అదే తీసుకున్నాను.

రాజమండ్రిలో గుడి ముందు పూజ చేయించాం. హెల్మెట్, మోకాలి గార్డులు ఉంచుకుని, పూజ కదా అని బూట్లు మాత్రం విప్పాను. అలాగే ఎక్కి నిమ్మకాయలు తొక్కించబోతే పాదం నేలకు అందలేదు. బండి నా ఎడమకాలి మీద పడింది. కాలు పోయిందనుకున్నాను.

చుట్టూ ఉన్న నలుగురూ బండి లేపాక పూజారిగారు, "నిమ్మకాయలు తొక్కించమన్నానండీ, కాలు కాదు!" అన్నారు. మా ఆవిడ నవ్వలేదు. "మరి ఆ బూట్లు ఎందుకు కొన్నట్టండీ?" అంది.

బొటనవేలు విరగడంతో సరిపోయింది. నా కొలతలన్నీ సరైనవే. డైరీలో సీటు ఎత్తు పక్కన ‘బూట్లతో’ అన్న మాట ఒక్కటే ఆ రోజు చేర్చాను.