పచ్చ నెయ్యి, కొత్త ఆవకాయ

మా అత్తగారింట్లో ఆవకాయ ఎవరు కలుపుతారన్నది చిన్న విషయం కాదు. పాళ్లు ఎవరి చేతిలో ఉంటే వంటిల్లు వాళ్లదే. నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. కాయకు లోటు లేదు, మర్యాదకే లోటు. కొత్తకోడలిగా నేను కలిపిన మొదటి జాడీ మూత తీసి, "చేదొచ్చింది, పనిమనిషిక్కూడా పెట్టలేం" అని అత్తగారు బంధువుల ముందు అన్నారు. ఆవిడకు ఆ సంగతి గుర్తే లేదట. అన్నవాళ్లకు ఎందుకుంటుంది?

కిందటేడు వేసవి మొదట్లోనే తేల్చి చెప్పారు. "ఈసారి తేడా వస్తే వచ్చే ఏడు చిన్నకోడలే కలుపుద్ది." ఆ చిన్నకోడలికి ఆవపిండేదో మెంతిపిండేదో వాసన చూసినా తెలియదు. నేను మాత్రం ప్రాణం పెట్టి కలిపాను.

కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి, అందరికీ ముద్దలు పెట్టడం మా ఇంటి ఆచారం. అత్తగారు పొయ్యి వెనకాల ఉన్న గిన్నె తెచ్చారు. నెయ్యి పచ్చగా ఉంది.

"మునగాకు మరీ ఎక్కువేసి కాచారే," అన్నారు.

నెయ్యి దించేముందు నాలుగు మునగాకు రెబ్బలు వెయ్యడం మాకు అలవాటే. ముందురోజు ఉంగుటూరు పుట్టింటికి వెళ్లిన తోడికోడలు కాచి ఉంటుందనుకున్నాను. అత్తగారు, మావగారు, మా ఆయన ముద్దలు తిన్నారు. నాకొక ముద్ద పెట్టాలని ఎవరికీ తోచలేదు.

గంట దాటాక అత్తగారు నా గడ్డం పట్టుకున్నారు. "ఇలాంటి ఆవకాయ నా జన్మలో తిన్లేదమ్మాయ్. ఇంకెప్పటికీ నువ్వే కలపాలి." మావగారు ఫ్యాను వంక చూసి నవ్వుతున్నారు. మా ఆయన గోడకు జారగిలబడి, "నీ చేతులకి దణ్ణం పెట్టాలే," అన్నారు. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడే మా మరిది మార్కెట్ నుంచి వచ్చాడు. "వదినా, ఇక్కడ పెట్టిన నెయ్యేది?"

"ఆవకాయన్నంలో పోశాం. ఏం?"

అతని మొహం పాలిపోయింది. "అది మునగాకు కాదొదినా. గంజాయి."

నడుంనొప్పికి మంచిదని ఫోన్లో ఎవరో చెప్పారట. హనుమాన్ జంక్షన్లో ఒక లారీ డ్రైవరు ఆకు ఇచ్చాడట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నెయ్యిలో వేసి కాచాడు, సున్నుండలు చేసుకుందామని. మునగాకు నెయ్యి అంటే ప్రాణమిచ్చే ఇంట్లో పచ్చ నెయ్యిని పొయ్యి వెనకాల దాచిన తెలివి అది.

"ఎవరికీ చెప్పకొదినా. కేసైపోద్ది."

నేను నోరు మూసుకుంటే ఆ పొగడ్త నాదే. కానీ హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, గుండె దడదడలాడుతుంది, చచ్చిపోతానేమో."

"ఆటో పిలువు," అన్నాను మరిదితో. "డాక్టరు దగ్గర నిజం నువ్వే చెప్తావు."

చెప్పాడు. డాక్టరు అతన్ని చెడామడా తిట్టి, ముగ్గురినీ సాయంత్రం దాకా ఉంచుకుని పంపించాడు. మరిది మిగిలిన ఆకును నా కళ్లముందే దొడ్లో తగలబెట్టాడు.

మర్నాడు పొద్దున అత్తగారు కాఫీ తాగుతూ తీర్పు చెప్పారు. "అదీ సంగతి. లేకపోతే నీ ఆవకాయకి అంత రుచెక్కడిది?"

గుండె దడ అన్నప్పుడు ఆటో ఎక్కించింది ఎవరో ఆవిడ అడగలేదు. కొడుకును ఒక్క మాట కూడా అనలేదు.

నేను జాడీ తెచ్చి, వేడన్నంలో ఆవకాయ కలిపి, ఆవిడ ముందు కంచం పెట్టాను.

"నెయ్యేదే?"

"నెయ్యి లేదండీ. తిని చెప్పండి."

ఆవిడ తిన్నారు. నేను కదల్లేదు. ముక్క చీకి, టెంక పక్కన పెట్టి, ఖాళీ కంచం నా వైపు జరిపారు. మళ్లీ వడ్డించాను. అదీ తిన్నారు. బాగుందని అనలేదు, బాలేదనీ అనలేదు. లేచి చెయ్యి కడుక్కున్నారు.

మరుసటి వేసవి నేనే కలిపాను. కలపమని ఎవరూ చెప్పలేదు. వద్దని అనే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.