ఉప్పు వేయని గుడ్ల కేకు

సునామీ తర్వాత మా దీవిలో, లంబాలైన్‌లోని మా ఇంట్లో చాలాకాలం చేప వండలేదు. మనుషుల్ని తీసుకుపోయిన సముద్రంలోంచి వచ్చింది ఎలా తింటామని అందరూ అనుకునే రోజులవి. మా అన్నయ్యకు జంగ్లీఘాట్‌లో చేపల పడవ ఉండేది. పడవ దొరికింది, అన్నయ్య దొరకలేదు. వదిన తన ఏడేళ్ల కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది.

ఆ పిల్ల చేపే కాదు, అన్నం కూడా మానేసింది. టీలో ముంచిన బిస్కెట్టు తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. "ఈరోజు కూడా తినకపోతే రేపు తెచ్చి అడ్మిట్ చెయ్యండి" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకు పిల్ల వణికిపోయింది. వాళ్లమ్మ రోజూ నాన్న కోసం వెతకడానికి వెళ్లి ఏడుస్తూ తిరిగొచ్చింది ఆ ఆసుపత్రి నుంచే.

ఉడికించిన గుడ్డు వాసన దానికి పడదు. కేకంటే మాత్రం ప్రాణం. అందుకని గుడ్లనే కేకులా కాలుద్దామనుకున్నాను. క్యారెట్టు, బీన్సు, ఉల్లికాడలు సన్నగా తరిగి మగ్గించి, గిలకొట్టిన గుడ్లలో కలిపాను. రిలీఫ్ సామానులో వచ్చిన చీజు సగం తురిమి అందులో వేసి, మిగతాది పైన చల్లడానికి ఉంచాను.

మాకు ఓవెన్ లేదు. క్రిస్మస్ కేకు కూడా కుక్కర్లోనే కాల్చేవాళ్లం. మూత రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పరిచి, దాని మీద గిన్నె పెట్టేవాళ్లం. ఏటా బీచి నుంచి ఇసుక తెచ్చి, కడిగి ఎండబెట్టి డబ్బాలో దాచుకోవడం అలవాటు. ఆ రోజూ అలవాటుగా డబ్బా కుక్కర్లోకి వంచేశాను.

"సముద్రం ఇసకా?" వెనక నుంచి పిల్ల గొంతు.

"అల రాకముందు తెచ్చింది తల్లీ. మొన్న క్రిస్మస్ కేకు దీని మీదే కాల్చాను. తిన్నావు కదా."

"అదే బీచి కదత్తా."

గుమ్మంలోనే కూర్చుండిపోయింది. దేవుడు సముద్రానికి ఇసుకను హద్దుగా పెట్టాడని సండే స్కూల్లో ఆ పిల్లకు నేర్పింది నేనే. మరి అల ఎలా దాటిందని అడుగుతుందేమోనని భయపడ్డాను. వాక్యం మీద నాకు అనుమానం లేదు. ప్రభువా, ఈ ఒక్క పూట తిననియ్యి, అనుకుంటూ ఉప్పు డబ్బా అందుకున్నాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఉప్పు ఎక్కడ్నుంచి వస్తాదో దానికి తెల్సు. ఆళ్ల నాన్నే చెప్పేడు. వద్దు, వదిలీ" అని గుసగుసలాడింది. వదిలేశాను.

అంచులు గట్టిపడ్డాక చీజు చల్లి మూత పెట్టాను. ఆ మూత గలగలలాడింది. నేల ఊగింది.

"దీదీ, బాహర్ ఆవో! జల్దీ!" బయటికి రమ్మని పక్కింటావిడ కేక.

వదిన పిల్లను ఎత్తుకుని పరిగెత్తింది. వెనకే నేనూ. వీధిలో నిలబడ్డాక గుర్తొచ్చింది, స్టవ్ ఆర్పలేదు.

"ఎల్లకత్తా!" పిల్ల అరిచింది.

మెయిన్‌లాండ్ నుంచి ఓడ రాలేదు. ఆ గిన్నె మాడితే మరో గుడ్డు లేదు. లోపలికి వెళ్లి, స్టవ్ ఆర్పి, మసిగుడ్డతో గిన్నె పట్టుకుని బయటపడ్డాను. గిన్నె అరుగు మీద పెట్టానో లేదో, పిల్ల రెండు చేతులతో నన్ను కొట్టడం మొదలుపెట్టింది.

"పాగల్ అత్తా! ఎందుకెల్లేవ్? నాన్న కూడా వలలు తెస్తానని మళ్లీ ఎల్లిపోయేడు!"

ఆ మాట అది అంతకుముందెప్పుడూ అనలేదు. వదిన అలాగే నేల మీద కూలబడింది. పిల్లను దగ్గరకు తీసుకుని, అది ఏడ్చినంతసేపూ పట్టుకున్నాను. నేల ఆగిందో లేదో కూడా తెలియలేదు.

గిన్నె అడుగు మాడింది. పైన చీజు ఎర్రగా కాలింది. ఒక ముక్క తుంచి చేతిలో పెట్టాను. నోట్లో పెట్టుకుని నమిలింది. మేమిద్దరం దాని గొంతు వైపే చూస్తున్నాం. మింగింది.

"ఉప్పు లేదు" అంది.

వదిన, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఉప్పు సముద్రంది కదే" అంది వదిన, భయంభయంగా.

"తెల్సు. తే. బేగి వచ్చీ."

వదిన లోపలికి వెళ్లింది. పిల్ల నా కొంగు గట్టిగా పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నేను కళ్లు మూయకుండానే ప్రార్థన చేశాను. వాళ్లమ్మ ఉప్పు డబ్బాతో గడప దాటి బయటికొచ్చాకే కొంగు వదిలి, రెండో ముక్కకు చెయ్యి చాపింది.